తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్ మొదట్లో సగం తెలుగు బడేనా?

ట్రంకుపెట్టె:
మా తాతయ్య సామాన్లు సర్దుతుంటే ఒక పాత నిఘంటువు దొరికింది. లోపలి అట్టకు అంటించిన చీటీ మీద ‘ది హిందూ హైస్కూల్, ట్రిప్లికేన్’ (మద్రాసులోని తిరువల్లిక్కేణికి ఇంగ్లీషు పేరు), దాని కింద ‘తెలుగు, మొదటి బహుమతి’ అని ఉంది. జిగురు ఎండి ఒక మూల లేచిపోయింది కానీ సిరా చెక్కుచెదరలేదు. చుట్టూ తమిళం మాట్లాడే పేటలో తెలుగుకి బహుమతి ఇచ్చారా? అది ‘హిందూ’ పత్రికవాళ్ళు పెట్టిన బడి అని మా ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటారు. నిజమేనాండి?

పట్నంపాతకాపు:
కాదండి. పత్రిక పుట్టింది 1878లో, బడి దానికంటే పాతికేళ్ళు పెద్దది. 1852లో అక్కడ మొదలైనవి రెండు బడులు. తమిళ పిల్లలకు ద్రావిడ పాఠశాల, తెలుగు పిల్లలకు హిందూ ఆంధ్ర బాలుర పాఠశాల. 1860లో రెండిటినీ కలిపి ‘ట్రిప్లికేన్ ఆంధ్ర ద్రావిడ బాలుర పాఠశాల’ అన్నారు. పేరులో మనవాళ్ళే ముందు! ఆ తర్వాత ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూల్, అంటే ఇంగ్లీషూ దేశభాషలూ నేర్పే బడి అయింది. హిందూ హైస్కూల్ అన్న పేరు 1890ల చివర్లో వచ్చింది. కాబట్టి తాతగారి బహుమతిలో ఆశ్చర్యమేమీ లేదు, ఆ బడి పునాదిలోనే తెలుగు ఉంది.

మీ పెద్దవాళ్ళ మాటకీ ఒక ఆధారం ఉండవచ్చు. పత్రిక మొదలుపెట్టిన ఆరుగురు కుర్రవాళ్ళలో ఒకరైన జి. సుబ్రహ్మణ్య అయ్యర్ 1879లో ట్రిప్లికేన్ ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూల్ హెడ్మాస్టరయ్యారు.

గోదారిగట్టు:
‘హిందూ’ అని ప్రత్యేకంగా పెట్టుకోవడం ఎందుకు?

పట్నంపాతకాపు:
ఆ రోజుల గొడవ తెలిస్తే అర్థమవుతుంది. అప్పట్లో మద్రాసులో మంచి ఇంగ్లీషు చదువంటే ఎక్కువగా మిషనరీ బడులే. జాన్ ఆండర్సన్ 1837లో పెట్టిన బడికి పెద్ద కులాల పిల్లలు కూడా వెళ్ళేవారు. 1841లో అక్కడి విద్యార్థులు కొందరు క్రైస్తవం పుచ్చుకోవడంతో ఊరంతా అట్టుడికింది, చాలామంది పిల్లల్ని మాన్పించేశారు. మరుసటి ఏడాదే పచ్చయప్ప అనే దాత వదిలివెళ్ళిన ధర్మనిధితో ఒక బడి తెరిచారు. మన గాజుల లక్ష్మీనర్సు చెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టి మిషనరీల పద్ధతుల మీద పోరాడారు. ఇంగ్లీషు చదువు కావాలి, మతం మాత్రం మారకూడదు. తల్లిదండ్రుల కోరిక అదే. తిరువల్లిక్కేణి బడిని కూడా ఆ నేపథ్యంలోనే చూడాలని నా అభిప్రాయం.

ఎర్రఇటుక:
మా నాన్నగారు అక్కడే చదివారు. చిన్నప్పుడు నన్ను పార్థసారథి గుడికి తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు బిగ్ స్ట్రీట్‌లో ఆ ఎర్ర కట్టడం ముందు ఆగేవారు. కమానుల కింద నిలబడి, ఏ గదిలో ఏ క్లాసో వేలితో చూపించేవారు. నాకు ఆకలేస్తోందని చెప్పినా కదిలేవారు కాదు. ఆ భవనం గీసింది హెన్రీ ఇర్విన్, మైసూరు ప్యాలెస్ గీసినాయనే.

వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేం? 1894 నుంచి 1902 వరకు అక్కడ హెడ్మాస్టరు. మద్రాస్ టీచర్స్ గిల్డ్ పెట్టిందీ, 1904లో ట్రిప్లికేన్ కోఆపరేటివ్ సొసైటీకి నడుం కట్టిందీ ఆయనే. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలకు దేశదేశాల్లో పేరొచ్చిందంటారు. నాకైతే బడిపంతుళ్ళకి ఒక సంఘం ఉండాలని ఆ కాలంలోనే ఆలోచించడం అంతకంటే గొప్పగా అనిపిస్తుంది.

గోదారిగట్టు:
నోబెల్ వచ్చిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ కూడా అక్కడే కదా?

ఎర్రఇటుక:
అవును, 1922 నుంచి 1925 దాకా. అంతవరకు ఇంట్లోనే చదువు. బడిలో మొదటి ఏడాది ఆయనకి అంత రుచించలేదట. పై క్లాసు ఆల్జీబ్రా, జామెట్రీ పుస్తకాలు తెచ్చుకుని, బడి తెరవకముందే సొంతంగా చదివేసుకున్నారు. నోబెల్ 1983లో వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాన్నగారు తన పాత గ్రూప్ ఫొటో తీసి, గాజు తుడిచి, హాల్లో తగిలించారు.

కానీ బడి గురించి ఎవరు రాసినా శాస్త్రిగారూ చంద్రశేఖరూ వస్తారు, ఆ ఆంధ్ర బాలుర పాఠశాలకి ఒక్క వాక్యంతో సరి. అక్కడ చదివిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉంటాయి. వాళ్ళ ఇళ్ళల్లో మార్కుల కాగితాలు, బహుమతి చీటీలు ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి. అమ్మేసిన పాత పుస్తకాలతో పాటు అవీ పోతున్నాయి.

ట్రంకుపెట్టె:
అందరికీ కృతజ్ఞతలు. ఇందాక మళ్ళీ పుస్తకం తెరిచాను. చివరి ఖాళీ పేజీలో తాతయ్య పెన్సిల్‌తో తన పేరు రెండుసార్లు రాసుకున్నారు, పైన తెలుగులో, కింద తమిళంలో. రేపు పగటి వెలుగులో ఫొటో తీసి పెడతాను.