యాంటీబయాటిక్ పరగడుపునా, తిన్నాకా? ఇంట్లో తేలడం లేదు

సగంమాత్ర:
పంటి దగ్గర చీము పడితే డాక్టర్ అమాక్సిసిల్లిన్-క్లావులనేట్ రాశారు, రోజుకు రెండు. చీటీ మీద పొద్దున, రాత్రి అని ఉంది గానీ తిండికి ముందో తర్వాతో లేదు, అడగడం నేనే మర్చిపోయాను. మా అక్కేమో ఏ యాంటీబయాటిక్ అయినా పరగడుపునే వేసుకోవాలి, తింటే మందు ఒంటికి పట్టదు అంటుంది. బావగారేమో ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయంటారు. అక్క మాట విని రెండు డోసులు పరగడుపున వేసుకున్నాను, రెండుసార్లూ గంటసేపు కడుపులో తిప్పేసింది. అసలు రూలేంటి?

గడియారం:
అక్కగారే రైటు. కడుపులో తిండి ఉంటే మాత్ర పేగుల్లోకి దిగడం ఆలస్యమవుతుంది, ఈలోపు కొన్ని మందులు కడుపులోని ఆమ్లానికే పాడైపోతాయి, కొన్ని తిండిలోని పదార్థాలకు అతుక్కుపోతాయి. యాంపిసిల్లిన్, క్లాక్సాసిల్లిన్, పెనిసిలిన్ వి, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఇవన్నీ తిండికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకోమనే చెప్తారు. పాత టెట్రాసైక్లిన్ అయితే తిండితోనో పాలతోనో వేసుకుంటే సగానికి సగం పోతుంది. వికారం అంటారా, ఓర్చుకోవాలి. మందు వేసుకునేది జబ్బు తగ్గడానికి, సుఖంగా ఉండటానికి కాదు కదా.

చీటీచదివేవాడు:
గడియారం గారూ, మీరు చెప్పినవి అన్నీ నిజమే. ఇబ్బందల్లా ఒకటే, ఆ జాబితాలో ఆవిడ వేసుకునే మందు లేదు.

అమాక్సిసిల్లిన్ ఒక్కటే అయితే తిన్నా తినకపోయినా పెద్ద తేడా లేదు. దాంతో కలిపి ఇచ్చే క్లావులనేట్ ఉంది చూశారూ, బ్యాక్టీరియా అమాక్సిసిల్లిన్‌ని విరిచేయకుండా అడ్డుపడేది, అది భోజనం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది, కడుపులో తిప్పడమూ తగ్గుతుంది. తిండికి ముందు కాదు, తర్వాతా కాదు, మొదట్లో. కొవ్వు ఎక్కువున్న భోజనం అయిపోయాక ఎప్పుడో వేసుకుంటే అది మళ్ళీ తక్కువ పడుతుంది. కాబట్టి ఇద్దరూ గెలవలేదు.

ఇంకో మాట. సెఫురాక్సిమ్ అనే ఇంకో యాంటీబయాటిక్ మాత్ర పరగడుపున వేసుకుంటే ఒంట్లోకి చేరేది 37 శాతం, తిన్నాక అయితే 52 శాతం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే నైట్రోఫ్యురాంటోయిన్ కూడా తిండితోనే బాగా పడుతుంది. "తింటే మందు బలం పోతుంది" అన్న సూత్రం వీటి దగ్గర పూర్తిగా తిరగబడింది.

ఒకగుక్కనీళ్ళు:
నా అనుభవం చెప్తాను, నవ్వకండి. మొటిమలకి డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ ఇచ్చారు. నేనూ ఈ పరగడుపు పిచ్చిలోనే రాత్రి పడుకునే ముందు, తిన్న మూడు గంటలకి లెక్కపెట్టి, ఒక్క గుక్క నీళ్ళతో మింగి వెంటనే పడుకున్నాను. తెల్లారి లేచేసరికి ఛాతీ మధ్యలో మంట, ఎంగిలి మింగాలన్నా భయం, గుండెపోటేమో అని టెన్షన్. క్యాప్సూల్ ఆహారనాళంలోనే ఇరుక్కుని అక్కడ పుండు చేసిందట. వారం రోజులు గంజిలాంటివి తప్ప ఏమీ దిగలేదు. నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి, తిండితో వేసుకున్నా ఫర్వాలేదు అని అప్పుడు చెప్పారు. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!

గడియారం:
మీ బాధ అర్థమైంది కానీ అది నీళ్ళు తాగకపోవడం వల్ల, పరగడుపు వల్ల కాదు. డాక్సీ కూడా తిండితో 20 శాతం దాకా తగ్గుతుంది. తగ్గితే తగ్గినట్టు కాదా?

చీటీచదివేవాడు:
తగ్గినట్టే. అయినా ఆ డోసు ఆ తగ్గుదలని తట్టుకుంటుంది, అందుకే వికారం ఉంటే తిని వేసుకోమని చెప్తారు. మీరు లెక్కలో వేయనిది ఒకటుంది. పరగడుపున వేసుకుని పది నిమిషాల్లో కక్కేస్తే నూటికి నూరు శాతం పోయినట్టు. రెండు రోజులు అలా అయ్యాక మనిషి చెప్పకుండా మాత్రలు ఆపేస్తాడు. మీరు పేరు చెప్పిన రిఫాంపిసిన్‌కే, వాంతులు ఆగనివాళ్ళని కొద్దిగా తిని వేసుకోమంటారు, ఎందుకంటే టీబీ మందు మధ్యలో ఆపడం అంతకంటే ప్రమాదం.

పాలగ్లాసు:
మీరిద్దరూ తిండి తిండి అని కొట్టుకుంటున్నారు, అసలు దొంగ చాలాసార్లు పాలు, యాంటాసిడ్, ఐరన్ మాత్ర. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని మామూలు భోజనంతో వేసుకోవచ్చు, ఆ భోజనంలో కాస్త పెరుగున్నా ఏం కాదు. ఉత్త పాలతోనో ఉత్త పెరుగుతోనో మాత్రం వేసుకోకూడదు, కాల్షియం మందుని పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ అయితే సిప్రో దానికంటే రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో పడాలి. కడుపు మంటగా ఉందని మాత్ర వెనకాలే యాంటాసిడ్ తాగేవాళ్ళు ఎంతమందో!

గడియారం:
పాల సంగతి ఒప్పుకుంటాను. క్లావులనేట్ సంగతి నాకు తెలియదు, అది కూడా ఒప్పుకుంటాను. పెనిసిలిన్ వి దగ్గర మాత్రం తగ్గను.

చీటీచదివేవాడు:
తగ్గమని ఎవరన్నారు, దానికి మీ మాటే చెల్లుతుంది.

సగంమాత్ర:
రాత్రి భోజనం మొదలుపెట్టి రెండు ముద్దలు తిన్నాక వేసుకున్నాను, కడుపులో ఏమీ తిప్పలేదు. ఇదంతా చదివి వినిపిస్తుంటే ఓ సంగతి బయటపడింది. అక్క ఏళ్ళ తరబడి థైరాయిడ్ మాత్ర వాడుతోంది, అది పరగడుపునే వేసుకోవాలి కదా, ఆ రూలే అన్నిటికీ తగిలించింది. బావగారికి నడుం నొప్పి మాత్ర ఇచ్చినప్పుడు ఖాళీ కడుపున వద్దు, పుండ్లు పడతాయి అన్నారట, ఆయనది అక్కడి నుంచి వచ్చిన భయం. ఇద్దరూ ఎవరి మాత్ర సంగతి వాళ్ళు చెప్తున్నారు, నా మాత్ర సంగతి ఒక్కరూ చెప్పలేదు!

ఇంతకీ పరగడుపున వేసుకున్న ఆ రెండు డోసులూ వృథానా? మళ్ళీ వేసుకోవాలా?

చీటీచదివేవాడు:
వద్దు, వద్దు. వృథా ఏం కాలేదు, అమాక్సిసిల్లిన్ ఎలాగూ పట్టి ఉంటుంది. మిగతావి డాక్టర్ చెప్పినన్ని రోజులు వేసుకోండి. ఈ మందుతో విరేచనాలు కొంచెం కావడం మామూలే, మరీ నీళ్ళలా ఎక్కువైనా, రక్తం కనిపించినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి.