‘సపోజ్డ్ టు’ అంటే మర్యాదా, మందలింపా?

రాత్రిషిఫ్టు:
మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. మాకు పని అప్పగించేవాళ్లు అమెరికాలో ఉంటారు. మంగళవారం రాత్రి వాళ్లకు ఒక మెయిల్ పంపాను. విషయం చిన్నదే, శుక్రవారంలోగా ఫైళ్లు కావాలి. ‘మస్ట్’ అని రాస్తే పెత్తనం చేసినట్టు ఉంటుంది, ‘షుడ్’ అని రాస్తే సలహా ఇచ్చినట్టు ఉంటుంది. అటూ ఇటూ ఆలోచించి ‘యూ ఆర్ సపోజ్డ్ టు సెండ్’ అని రాశాను. రెండు గంటల తర్వాత ఒక్క వాక్యం జవాబు వచ్చింది. గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు, అయితే శుక్రవారం ఇంకా రాలేదని దాని సారాంశం. మర్నాడు సాయంత్రం మా మేనేజరు పిలిచి, ‘క్లయింటును అలా నిలదీస్తారా?’ అన్నారు.

నిజంగా నేను మెత్తని మాట అనుకునే రాశాను. నా మనసులో ఉన్న వాక్యం ‘మీరు శుక్రవారంలోగా పంపవలసి ఉంటుంది’ అన్నది. ఇందులో నిలదీత ఎక్కడుంది? పైగా ‘సపోజ్’ అంటే అనుకోవడమని, కర్మణి ప్రయోగం మర్యాదగా ఉంటుందని స్కూల్లో చదువుకున్నాను. తప్పు నాదా, మేనేజరుదా, చదువు చెప్పినవాళ్లదా?

చింతచిగురు:
మేనేజరుదే. ఈ నగరంలో ఏ ఆఫీసుకు వెళ్లినా రోజుకు పదిసార్లు వినబడే మాట అది. ‘మీరు ఐడీ కార్డు వేసుకోవాలి’, ‘మీరు ఇక్కడ సంతకం చేయాలి’ అన్నింటికీ అదే. సెక్యూరిటీ అతను కూడా నవ్వుతూ అంటాడు. ఎవరైనా నొచ్చుకున్నారా? మీ క్లయింటుకు ఆ రోజు కాఫీ సరిగా కుదిరి ఉండదు.

తార్నాక మాస్టారు:
నొచ్చుకోవడానికి కారణం ఉంది. కాస్త ఓపిగ్గా వినండి, ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినవాణ్ని, క్లుప్తంగా చెప్పడం రాదు.

‘సపోజ్’ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. మూలార్థం ‘కింద పెట్టడం’. వాదానికి అడుగున ఒక ఊహను ఆనించడం అన్నమాట. అక్కడి నుంచి ‘అనుకోవడం’ అయింది. ‘అతడు వస్తాడని అనుకుంటున్నారు’ అన్నదాన్ని కర్మణిలోకి తిప్పితే ‘అతడు వస్తాడని అనుకోబడుతోంది’. ఇంతవరకు మీ స్కూలు పాఠం సరిగానే ఉంది. కానీ నలుగురూ ఒకటి జరుగుతుందని ఎదురుచూస్తున్నారంటే, అది జరిపించవలసిన మనిషి మీద బరువు పడుతుంది. అలా ఊహ కాస్తా బాధ్యత అయింది. ఇప్పుడు ఆ మాటలో ఊహ అడుగంటింది, బాధ్యతే మిగిలింది.

దీనికి చెవికి వినబడే సాక్ష్యం కూడా ఉంది. హైదరాబాదులోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూను అప్పట్లో సీఫెల్ అనేవాళ్లం. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో సీఫెల్ అయి, 2007లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. అక్కడ శిక్షణకు వెళ్లినప్పుడు ఉచ్చారణ పాఠంలో మొదటిసారి ఇది గమనించాను. ‘అనుకున్నారు’ అనే అర్థంలో పలికితే ‘సపోజ్‌డ్’ అని ‘జ’కారం స్పష్టంగా వినబడుతుంది. ‘చేయాలి’ అనే అర్థంలో పలికితే ‘సపోస్ట’ అయిపోతుంది. పక్కనున్న ‘టు’లోని ‘ట’కారం ముందున్న ‘డ’ను మింగి, ‘జ’ను ‘స’గా మార్చేస్తుంది. ‘యూజ్డ్’ అంటే వాడిన, ‘యూస్ట’ అంటే ఒకప్పటి అలవాటు. ఇదీ ఆ తీరే. నా విద్యార్థుల్లో సగం మంది ‘సపోజ్ టు’ అని ‘డ’ లేకుండా రాసేవారు. ఎర్ర సిరాతో దిద్దేవాణ్ని కానీ, లోపల పాపం అనుకునేవాణ్ని. లేని శబ్దాన్ని ఎలా రాస్తారు?

గళ్లలుంగీ:
మాస్టారూ, అంతా బాగుంది. కానీ దాన్ని ఇంకా కర్మణి ప్రయోగమని ఎందుకంటారు? కర్మణి అయితే కర్త ఎవరో చెప్పగలగాలి. ‘ఉత్తరం రాయబడింది’ అంటే ఎవరి చేత అని అడగవచ్చు, ‘బై’ పెట్టి చెప్పవచ్చు. ‘నేను మా అమ్మ చేత ఇంటికి వెళ్లవలసినవాడిగా అనుకోబడుతున్నాను’ అని ఇంగ్లిష్‌లో ఎవరైనా అంటారా? ‘మా అమ్మ నన్ను సపోజ్ చేసింది’ అని తిరగేయగలరా? వెనక్కి తిప్పలేని కర్మణి కర్మణి ఎలా అవుతుంది? అది ‘షుడ్’ లాంటి సహాయక క్రియ అయిపోయింది, అంతే.

తార్నాక మాస్టారు:
బాగా పట్టుకున్నారు. ‘చేయాలి’ అనే అర్థంలో మీ మాట ఒప్పుకుంటాను. వేషం కర్మణిది, మనిషి వేరు. మన తెలుగులోనే చూడండి. ‘కొట్టబడ్డాడు’లోని ‘పడు’ కర్మణి. ‘భయపడ్డాడు, సిగ్గుపడ్డాడు, అలవాటుపడ్డాడు’ అన్నవాటిలోనూ అదే ‘పడు’ ఉంది. భయపడ్డాడంటే ఎవరి చేత అని అడుగుతామా? అలా అడిగినవాడు వ్యాకరణం చదివి చెడిపోయాడని అర్థం.

కానీ ‘ఆయన చాలా ధనవంతుడని అనుకుంటారు’ అనే అర్థంలో అదే మాట ఇప్పటికీ నిఖార్సైన కర్మణే. కర్త ‘లోకులు’. కాబట్టి మొత్తంగా కొట్టేయకండి.

నల్లకుంట నివాసి:
ఆ రెండో అర్థంతో నా పరువు పోయింది. మా నాన్నగారిని ఒక డాక్టరు గారికి చూపించడానికి తీసుకెళ్లాను. ఆయన చాలా ఏళ్లు ఇంగ్లండులో ఉండి వచ్చారు. పొగుడుదామని ‘యూ ఆర్ సపోజ్డ్ టు బి ఎ వెరీ గుడ్ డాక్టర్’ అన్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి నవ్వి, ‘అలా అంటారండీ, చూద్దాం’ అన్నారు. నాకు ఆ నవ్వు ఇంటికి వచ్చాక అర్థమైంది. నేను ‘మీరు చాలా మంచి డాక్టరు’ అనబోయి ‘మీరు మంచి డాక్టరట’ అని ఆయన ముఖం మీదే అన్నాను. ఆ ‘అట’లో ‘నాకైతే తెలియదు’ అనేది ఎంత ఉందో తెలుగువాళ్లకు చెప్పనవసరం లేదు.

చింతచిగురు:
అది సరే, అసలు ప్రశ్న వదిలేశారు. ఇక్కడ లక్షల మంది ఆ మాటను మామూలు ‘చేయాలి’ అనే అర్థంలో వాడుతున్నారు. లండనులో ఒకలా వినబడితే మనం దిద్దుకోవాలా? అనుకున్న సమయం కంటే ముందుకు జరపడానికి ‘ప్రీపోన్’ అని మనవాళ్లు చక్కటి మాట వాడితే మొదట్లో ఎంత ఎగతాళి చేశారు! ఇప్పుడది పెద్ద నిఘంటువుల్లోకి ఎక్కింది. మన ఇంగ్లిష్ మనది.

మూడో అంతస్తు:
నేను మేనేజర్ల పక్షం. దాడి చేసే ముందు వినండి.

చింతచిగురు గారు చెప్పిన ‘ప్రీపోన్’ కొత్తగా పుట్టించుకున్న మాట. అది విన్న కొత్తవాడికి అర్థం కాకపోవచ్చు కానీ తప్పుగా అర్థం కాదు. ‘సపోజ్డ్ టు’ అలా కాదు. అది అవతలివాళ్ల దగ్గరా ఉంది, వాళ్లకు ఇంకో రుచితో ఉంది. చిక్కంతా అక్కడే.

ఆ రుచి ఏమిటో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ‘ఐ మస్ట్ గో’ అని, వెంటనే ‘కానీ వెళ్లను’ అంటే పిచ్చిగా ఉంటుంది. ‘ఐ యామ్ సపోజ్డ్ టు గో’ అని, ‘కానీ వెళ్లను’ అంటే ఎంతో సహజంగా ఉంటుంది. అంటే ఆ మాటలోనే జరగకపోవచ్చుననే సందు ఉంది. నియమం ఒకటి ఉంది, మనిషి దాన్ని పాటిస్తాడో లేదో అనుమానం. ఎదుటివాడికి ‘నువ్వు ఇది చేయవలసినవాడివి’ అని గుర్తు చేస్తే, చేయడం లేదన్న మాట చెప్పకుండానే చెప్పినట్టు.

తెలుగులో దానికి సరైన జత ‘పంపవలసి ఉంటుంది’ కాదు. ‘పంపాలి కదా’. ఆ ‘కదా’యే మొత్తం గొడవ. ‘మీరు శుక్రవారంలోగా పంపాలి’ అంటే సమాచారం. ‘మీరు శుక్రవారంలోగా పంపాలి కదా’ అంటే మంగళవారమే నిలదీసినట్టు. రాత్రిషిఫ్టు గారు ‘కదా’ రాయలేదు, అవతలివాళ్లు ‘కదా’ చదివారు.

భూతకాలంలో ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. ‘వాజ్ సపోజ్డ్ టు’ అనగానే జరగలేదని వినేవాళ్లు ఊహించేస్తారు. ‘వాన పడవలసింది’ అంటే మనం ఆకాశం చూడక్కరలేదు, పడలేదు.

రాత్రిషిఫ్టు:
‘కదా’ దగ్గర నాకు గుండె గతుక్కుమంది. మెయిల్ మళ్లీ ఆ చెవితో చదువుకున్నాను. బాగాలేదు.

అయితే ఒక సందేహం. పోయిన నెల వాళ్లే మాకు రాశారు, ‘అప్‌డేట్ నిన్న వెళ్లవలసింది’ అని ఇదే మాటతో. వెళ్లలేదు, తప్పు వాళ్లదే. అప్పుడు వాళ్లను ఎవరూ నిలదీయలేదు. వాళ్లు వాడితే మర్యాద, నేను వాడితే మందలింపా?

గళ్లలుంగీ:
తేడా ఎవరు వాడారన్నదాంట్లో లేదు, వాక్యం మొదట ఎవరిని కూర్చోబెట్టారన్నదాంట్లో ఉంది. మీరు ‘మీరు’ను కూర్చోబెట్టారు. వాళ్లు ‘అప్‌డేట్’ను కూర్చోబెట్టి, మనుషులను తెర వెనక్కి పంపారు. అప్‌డేట్ పాపం కాళ్లున్నా నడవలేదు, ఎవరేం చేస్తారు! కర్మణి వేషం వేసేది ఇందుకే. మన గోడల మీద చూడండి, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’, ‘పాత బంగారం కొనబడును’. నోటితో ఒక్కరూ అలా అనరు. బోర్డు మీదకు వచ్చేసరికి ఇచ్చేవాడు, కొనేవాడు మాయమవుతారు. కిరాణా కొట్టులో ‘అప్పు ఇవ్వబడదు’ అని రాసి ఉంటుంది. ‘నీకు ఇవ్వను’ అని ముఖం మీద అనలేక పెట్టుకున్న గొడుగు అది.

తార్నాక మాస్టారు:
గళ్లలుంగీ గారూ, మీరు టీచరు కాకపోవడం పిల్లల అదృష్టమో దురదృష్టమో తేల్చుకోలేకపోతున్నాను.

కాకపోతే మాస్టారి బుద్ధి, ఒకటి కలపకుండా ఉండలేను. మనవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ‘నాట్’ చేరినప్పుడు. ‘నాట్ సపోజ్డ్ టు’ అంటే ‘అక్కరలేదు’ కాదు, ‘కూడదు’. సికింద్రాబాదులో ఒక ఇరానీ హోటల్లో నా కళ్లముందే జరిగింది. మా మిత్రుడు విదేశీ అతిథికి టీ ఇప్పించి, ‘మీరు డబ్బులు ఇవ్వనక్కరలేదు’ అని చెప్పబోయి, ‘యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు పే’ అన్నాడు. ఆయన పర్సు తీసిన చేతిని ఠక్కున వెనక్కి లాక్కుని, ‘క్షమించండి, ఇక్కడి పద్ధతి తెలియదు’ అన్నాడు. డబ్బులివ్వడం ఏదో అపచారం అనుకున్నాడు. మా మిత్రుడు అది వినయం అనుకుని మురిసిపోయాడు. నేను ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుకుని తిన్నాను, ఏమీ దిద్దలేదు.

చింతచిగురు:
నేను ఇంకా ఒప్పుకోవడం లేదు. మన ఆఫీసుల్లో మనలో మనం రాసుకునేటప్పుడు ఆ ‘కదా’ లేదు. రాసేవారికీ చదివేవారికీ లేనిది మాటలో ఉందని ఎలా అంటారు?

మూడో అంతస్తు:
మనలో మనకు లేదు, ఒప్పుకుంటాను. నా కింద పనిచేసేవాళ్లు నాకు అలా రాస్తే నేనూ పట్టించుకోను. కానీ మెయిల్ గచ్చిబౌలి దాటాక చదివేవారి చెవి మన చేతిలో ఉండదు. అక్కడికి రాసేటప్పుడు మాత్రం ‘శుక్రవారంలోగా పంపగలరా’ అని ‘కుడ్ యూ’తో అడగమంటాను. ప్రశ్న గుర్తు ఒకటి పెట్టినంత మాత్రాన మన ఎత్తు తగ్గదు.

చింతచిగురు:
అన్నీ మనమే సర్దుకోవాలా అని నా కోపం. దానికి వ్యాకరణంలో మందు లేదులెండి.

రాత్రిషిఫ్టు:
అందరికీ నమస్కారం. బుధవారం రాత్రే మూడో అంతస్తు గారు చెప్పినట్టు ‘కుడ్ యూ’ అని మర్యాదగా మళ్లీ రాశాను. వెంటనే ‘తప్పకుండా’ అని జవాబు వచ్చింది, చివర నవ్వు బొమ్మ కూడా. శుక్రవారం గడిచింది. శని, ఆదివారాలు గడిచాయి. ఇవాళ సోమవారం రాత్రి, ఫైళ్లు రాలేదు.

మాస్టారూ, ఇప్పుడు రాయవచ్చా?

తార్నాక మాస్టారు:
ఇప్పుడు రాయవచ్చు. ‘వర్ సపోజ్డ్ టు’ అని భూతకాలంలో. నూటికి నూరు మార్కులు.

గళ్లలుంగీ:
‘మీరు’తో మొదలుపెట్టకండి. ‘ఫైళ్లు’తో మొదలుపెట్టండి.

మూడో అంతస్తు:
ఏమీ రాయకండి. ఫోన్ చేయండి.