సమస్య: ఓడ దిగినవాని కూగె నేల

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చిన ఆఖరి పాదం ఇదే, మొదటి మూడూ మీరు పూరించాలి. ఓడ ఒక్కరోజు రేవులో ఆగింది, ఊళ్లో మిత్రుడున్నాడు. నేల ఎందుకు ఊగిందో మీరే చెప్పాలి. తాగించి ఊగించిన పద్యాలు చదవను.

లంగరు:
చెవుల లోని నీరు సింధువు లయ నేర్చె
దినము రెండు గాని తీర దద్ది
నిలిచి కనులు మూయ నిక్కము తల దూలు
ఓడ దిగినవాని కూగె నేల

చాటువు: ఎప్పటిలాగే తప్పులేని పద్యం, ఎప్పటిలాగే అందరూ ఊహించిందే. పైగా లయ నేర్చేది చెవిలో నీరు కాదు, మెదడు.

లంగరు: అంత ఊహించినవారు ముందే రాయాల్సింది. "కనులు మూయ" ఊరికే పడలేదు. ఊగుతున్నామని ఒంటికి అనిపిస్తుంది, లేదని కన్ను సరిదిద్దుతుంది. కన్ను మూస్తే ఆ దిద్దుబాటు పోతుంది. అందుకే దిగినరోజు స్నానంలో తల రుద్దుకునేటప్పుడు ఒక చెయ్యి గోడ మీద ఉండాలి. కారెక్కితే తగ్గినట్టుంటుంది, దిగగానే మళ్లీ మొదలు. రెండు రోజులు దాటినా వదలకపోతే వైద్యుడికి చూపించుకోవాలి.

చాటువు:
గాలి లేదు నీట గనగ నలలు లేవు
కదలకుండ మోకు గట్టినారు
మిత్ర! దరిని గల్పు మెట్ల వారధి చూడు
ఓడ దిగినవాని కూగెనేల?

నిర్వాహకుడు: ఊగెను + ఏల! నేల మాయమై ప్రశ్న మిగిలింది. ఓకారానికి ఊకారం యతి కూడా చెక్కుచెదరలేదు.

లంగరు: విరుపు బాగుంది, ఒప్పుకున్నాను. రెండో పాదమే ప్రమాదం. పోటు మీద (నీరు పొంగి ఉన్నప్పుడు) బిగించి కట్టి వదిలేస్తే, పాటు తీసేకొద్దీ (నీరు తగ్గేకొద్దీ) ఓడ దిగుతుంది, మోకు తెగొచ్చు. పోటు నుంచి పాటుకు సుమారు 6 గంటల 12 నిమిషాలు. అంతసేపూ మోకుల మీద ఒకరి కన్ను ఉండాలి, బిగిసినప్పుడల్లా వదులు చెయ్యాలి. ఇక మీ "ఏల"కు జవాబు: పక్కనుంచి ఇంకో ఓడ పోతే కట్టిన ఓడ కూడా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మెట్ల అడుగున చక్రం పెట్టేది అందుకే. ఇద్దరు ఒకే అడుగు కలిపి దిగినా ఊగుతాయి.

చాటువు: పోయిన నెల పూరణలో రోజూ ఆరింటికే పోటు తెచ్చిన కవి నాకు పాటు నేర్పుతున్నారు. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది స్వామీ!

లంగరు: ఆ పద్యం ఒక్కరోజు మాట.

తీరరేఖ: మూడో పాదంలో "ప్రతిదినమ్ము" అని ఉందండీ.

గురులఘువు: అది సరే, చాటువు గారి "మిత్ర!" ఊరివాడైతే మెట్లదాకా ఎలా వచ్చాడు? ఓడలకూ రేవులకూ అంతర్జాతీయ భద్రతా నియమావళి 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఓడ ఏజెంటు ద్వారా ముందే పాసు తీసుకోకపోతే గేటు బయటే నిలబడాలి.

చాటువు: తోటి నావికుడనుకోండి. సంబోధనకు పాసు అక్కర్లేదు.

తీరరేఖ:
దూరమైన చోటు తొలుత జూపుము నేస్త
దరికి వచ్చు వేళ దగ్గరివి
గంట ముందె చేరు, గడియారములు రెండు
ఓడ దిగినవాని కూగె నేల

గడియారం తేడా తెలిసిన క్షణాన కాళ్ల కింద నేల కదిలిందని భావం. ఓడ సమయమూ ఊరి సమయమూ ఒకటి కాకపోవచ్చు. ఒడ్డెక్కగానే ఫోను తనంతట తానే ఊరి సమయానికి మారిపోతుంది. అందుకే చేతి గడియారాన్ని ఓడ సమయంలోనే ఉంచుకోవాలి.

లంగరు: ముప్పాతిక పద్యం ఆజ్ఞలే. కానీ "దూరమైన చోటు తొలుత" బంగారం. సాయంత్రం రద్దీలో ఇరుక్కున్నా రేవు దగ్గర్లోనే ఇరుక్కుంటారు. గంట మాత్రం చాలదు. చాలా రేవుల్లో గేటు నుంచి ఓడదాకా నడవనివ్వరు, లోపలి బండి కోసం ఆగాలి. ఓడ బయట లంగరేసి ఉంటే ఆఖరి పడవ సమయమే లెక్క.

గురులఘువు: రెండో పాదం చివర "రివి" ఏ సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు)? ఒక లఘువు ఒడ్డునే ఉండిపోయింది.

చాటువు: "దగ్గరివియె" అంటే ఓడ అందుతుంది. ఇలాంటివి లంగరు గారి కంట పడవు, పాపం, మోకులు చూస్తుంటారు.

నిర్వాహకుడు: "దగ్గరివియె" అని దిద్దాను. లంగరు గారూ, ఆ "ప్రతిదినమ్ము" ఉంచమంటారా, తియ్యమంటారా?