చెన్నైలో జేబు ఖాళీ కాకుండా వీకెండ్ గడపడం ఎలా?

వేళచ్చేరి నెల్లూరోడు:
అందరికీ నమస్తే. ఇక్కడ ఉద్యోగానికి కొత్తగా వచ్చాను, పీజీలో ఉంటున్నా. అద్దె, ఇంటికి పంపేది పోగా పెద్దగా మిగలదు. ఆదివారమొస్తే పడుకుని రీల్స్ చూడటం, లేదా మాల్‌కి పోయి సినిమా, పాప్‌కార్న్, ఆటో అని వెయ్యి వదిలించుకోవడం, ఇదే పని. గిటార్ క్లాస్ ఫీజు విని వెనక్కి వచ్చేశా. నెలకి ఐదొందల్లో అయ్యే హాబీ ఏదైనా చెప్పండి. తమిళం అంతంతమాత్రం.

అడయారు అక్క:
తమ్ముడూ, జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ల నడకకి రా. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని 1988 నుంచి కుర్రాళ్లే నడుపుతున్నారు, డబ్బులేం అడగరు. శుక్ర, శనివారాల్లో రాత్రి నీలాంకరై నుంచి బెసంట్ నగర్ దాకా ఇసుకలో నడక. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడుతుంది, వాటిని కుక్కలు తవ్వేయకుండా తీసుకెళ్లి హేచరీలో, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే చోట, పూడుస్తారు. పిల్లలు బయటికొచ్చాక వెలుతురున్న వైపే పోతాయి, మన ఊళ్లో ఆ వెలుతురు సముద్రం వైపు కాదు, వీధి దీపాల వైపు ఉంటుంది, అందుకే ఇదంతా. తాబేలు కనబడుతుందని గ్యారంటీ లేదు, కాళ్ల నొప్పులు మాత్రం గ్యారంటీ.

మైలాపూర్ బాబాయ్:
గిటార్ అంటున్నావు కాబట్టి చెబుతున్నా, డిసెంబర్ కర్ణాటక సంగీత సీజన్‌లో సభలకి, అంటే కచేరీలు పెట్టే సంస్థలకి, పో. సాయంత్రం పెద్దవాళ్ల కచేరీలకే టికెట్, పొద్దున, మధ్యాహ్నం కొత్తవాళ్లు పాడేవి చాలా సభల్లో ఉచితం. త్యాగరాజ కీర్తనలు తెలుగే కదా, పక్కన కూర్చున్న మామి నిన్నే అర్థం అడుగుతుంది, భాష బెంగ అక్కర్లేదు. క్యాంటీన్ వైపు మాత్రం చూడకు, నీ ఐదొందలు అక్కడే అయిపోతాయి.

చదరంగం పిచ్చోడు:
ఇవన్నీ సీజన్‌వి, జూన్‌లో ఏం చేస్తాడు పాపం? వేళచ్చేరిలో లోకల్ రైలెక్కి కోట్టూర్‌పురంలో దిగు, అన్నా సెంటినరీ లైబ్రరీ దగ్గరే. ఫ్రీ, పైగా ఏసీ, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదివే హాలు కూడా ఉంది. చెస్ అయితే లీచెస్ అనే వెబ్‌సైట్‌లో పైసా లేకుండా ఆడొచ్చు. ఆనంద్, గుకేశ్‌ల ఊళ్లో ఉండి రీల్స్ ఏంటి బ్రో!

వేళచ్చేరి నెల్లూరోడు:
లైబ్రరీకి ఈ ఆదివారమే పోతా. అక్కా, నడకకి ఒక్కడినే రావచ్చా?

అడయారు అక్క:
రావచ్చు, సగం మంది అలాగే వస్తారు. తేదీలు వాళ్ల పేజీలో చూసుకో. మంచినీళ్లు తెచ్చుకో, ఆ మధ్యాహ్నం కాస్త నిద్రపో. ఫోన్ లైట్ వేశావంటే తిడతారు.