వాటర్ ఆపరేటర్ పరీక్ష: క్లోరిన్ లెక్కల్లో ఏ విలువ తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. తాగునీటి ఆపరేటర్ మొదటి స్థాయి పరీక్షకు చదువుతున్నాను. క్లోరిన్ పొడి లెక్క వచ్చేసింది. రోజుకు 2,000 ఘనపు మీటర్ల నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల డోసు అంటే 4 కిలోల క్లోరిన్. 65 శాతం క్లోరిన్ ఉన్న హైపోక్లోరైట్ పొడి అయితే 0.65తో భాగించాలి, 6.15 కిలోలు. గుణిస్తే 2.6 వస్తుంది, క్లోరిన్ కన్నా పొడి తక్కువ రావడమే తప్పుకు గుర్తు.

చిక్కంతా ద్రావణంతోనే. 12.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌ను లీటరుకు 125 గ్రాములుగా తీసుకుంటే 32 లీటర్లు కావాలి. అదే శాతాన్ని బరువు ప్రకారం అనుకుని, స్పెసిఫిక్ గ్రావిటీ (నీటితో పోలిస్తే ద్రావణం ఎన్ని రెట్లు బరువో) 1.2 పెడితే లీటరుకు 150 గ్రాములు, అంటే 26.7 లీటర్లే. ప్రశ్నలో ఏదీ చెప్పకపోతే దేన్ని పట్టుకోవాలి?

ఇంకొకటి, సీటీ విలువ, అంటే క్లోరిన్ గాఢతను అది నీటితో కలిసి ఉండే సమయంతో గుణిస్తే వచ్చేది. ఇందులో డోసు కాదు, ట్యాంకు నుంచి బయటికొచ్చే చోట మిగిలిన క్లోరిన్ వాడాలి, అది సరే. 100 ఘనపు మీటర్ల ట్యాంకు, నిమిషానికి 2 ఘనపు మీటర్ల ప్రవాహం: నీరు లోపల ఉండే సమయం 50 నిమిషాలు. లోపల అడ్డుగోడలు సరిగా లేకపోతే కొంత నీరు అడ్డదారిన ముందే వెళ్లిపోతుంది కాబట్టి బాఫ్లింగ్ ఫ్యాక్టర్ 0.3తో గుణిస్తే 15 నిమిషాలే. ఆ ఫ్యాక్టర్ ఇవ్వకపోతే 50నే ఉంచాలా? మట్టం మారే ట్యాంకులో కనిష్ఠ మట్టమే తీసుకోవాలా? పరీక్ష రాసినవాళ్లు దయచేసి చెప్పండి.