సమస్యాపూరణం: "చులకనయె మోయలేనంత శోకభరము"

నిర్వాహకులు (బరంపురం, ఒడిశా): ఈసారి ఇచ్చిన చివరి పాదం తేటగీతి ఛందస్సులోది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. చులకన అంటే మొదట బరువు లేకపోవడమే. ఎదుటివాడిని తూకం లేనివాడిగా చూడటం తర్వాత చేరిన అర్థం. తేలిక కూడా తేలడం నుంచి వచ్చిందే. దీనికి ఎదురు గౌరవం. గురు అంటే బరువైనది. మన ఒడియా ఇరుగుపొరుగు బరువు లేనిదాన్ని హాలుకా అంటారు. మరి తేలికైనది మోయలేనంత బరువెలా అవుతుంది?

పర్లాకిమిడి సభ్యురాలు:
మాట విని నవ్వు పట్నంపు మరదలొకతె
ఎల్ల దాటిన తెలుగంచు నెత్తిపొడిచె
నాటి మాటయె నాగొంతు నట్టె నొక్కె
చులకనయె మోయలేనంత శోకభరము

నిర్వాహకులు: అమ్మా, "ఎల్ల దాటిన తెలుగు" గుండెకు తగిలింది. ఆంధ్రాలో పెళ్లిళ్లకు వెళ్తే మన పిల్లలు నోరు మెదపనిది ఇందుకే. మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి, చూడండి. "అట్టె"లోని అచ్చుకే యతి చెల్లాలి, సంధిలో కలిసిన నకారానికి కాదు. "నలిపివేసె" అంటే యతీ కుదురుతుంది, నొప్పీ తెలుస్తుంది.

రాయగడ సభ్యుడు:
సవర మాటల విలువను చాటిచెప్ప
కొండదారుల నేర్చిన గురువు గిడుగు
ఆయనూరున నెవరైన నాడునట్టి
చులకనయె మోయలేనంత శోకభరము

పర్లాకిమిడి సభ్యురాలు: మా ఊరి పేరెత్తకుండానే మా ఊరిని తెచ్చారు. మా పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారు కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఇక్కడి కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో అచ్చయింది. వాడుక తెలుగును గ్రామ్యమని తీసిపారేసినవాళ్లతో జీవితమంతా పోరాడారు. కానీ తమ్ముడూ, "ఎవరైన" అని తప్పించుకోవద్దు. సంతలో సవరవాళ్ల మాట విని నవ్వేది మనవాళ్లే. "ఆయనూరున మనవార లాడునట్టి" అనండి, గణాలు కూడా సరిపోతాయి.

గుణుపురం మాస్టారు:
పద్యమందున లఘువన్న పలుచ బరువు
బ్రతుకునందున లఘువని పలుకరింప
గుండెపైబడి గురువయి కూరుచుండు
చులకనయె మోయలేనంత శోకభరము

నిర్వాహకులు: మాస్టారూ, ఛందస్సులో పొట్టిగా పలికేది లఘువు, పొడుగుగా పలికేది గురువు. ఆ లఘుగురువులతోనే ముడి విప్పేశారు! యతులన్నీ శుద్ధం. "పలుచ" అనగానే పలుచనైపోవడం కూడా చెవిన పడుతోంది, అది ఇంకా బాగుంది. ఈ మూడింటిలో నాకు నచ్చిన పూరణ ఇదే. రాయగడ తమ్ముడూ, మార్చిన పాదంతో మీ పద్యం మళ్లీ పెట్టండి.