బీసీఎల్11ఏ ప్రొటీన్‌ను మాత్రతో ఒళ్ళంతా ఆపేస్తే తప్పేంటి?

ఆదోని_తల్లి:
మా బాబుకి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని పుట్టుక జబ్బు. నెల తిరగకముందే కర్నూలు పోయి రక్తం ఎక్కించుకొని రావాలి. కడుపులో ఉన్నప్పటి ఫీటల్ హిమోగ్లోబిన్ పుట్టాక కూడా తయారవుతూ ఉంటే ఈ జబ్బు ఇంత పీడించదట. దాన్ని ఆపేది బీసీఎల్11ఏ. 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స ఆ ప్రొటీన్‌నే తగ్గిస్తుంది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు! అదే పని చేసే మాత్ర తయారుచేస్తే మాలాంటోళ్ళు బతికిపోతారు కదా?

కడప_బయోటెక్:
అక్కా, మీ బాధ తెలుస్తోంది, కానీ ఈ మాట ఒప్పుకోలేను. ఆ ప్రొటీన్ ఎర్ర కణాల సొత్తు కాదు. యాంటీబాడీలు ఇచ్చే బి కణాలు పుట్టాలన్నా అది ఉండాలి. ఎలుకల్లో పూర్తిగా తీసేస్తే బి కణాలే రాలేదు. మెదడులోనూ దానికి పని ఉంది. పుట్టుకతోనే ఈ జన్యువు ఒక ప్రతి చెడిపోయిన పిల్లలున్నారు. వాళ్ళ రక్తంలో ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువే, మనం కోరుకున్నట్టే. కానీ మాటలు ఆలస్యంగా వస్తాయి, బుద్ధి ఎదుగుదల తగ్గుతుంది.

క్యాస్‌జెవీ గొప్పతనం అక్కడే ఉంది. రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, వాటి డీఎన్ఏ మార్చి తిరిగి ఎక్కిస్తారు. ప్రొటీన్‌కు కోడ్ ఇచ్చే భాగం జోలికి అది పోదు. ఎర్ర కణాలు తయారయ్యే దారిలో మాత్రమే ఆ జన్యువును పెంచే చిన్న డీఎన్ఏ ముక్కను కోస్తుంది. అదే మూలకణం నుంచి వచ్చే బి కణాల్లో ప్రొటీన్ ఎప్పటిలాగే ఉంటుంది.

అనంత_ల్యాబ్:
తమ్ముడూ, పుట్టుకతో వచ్చిన లోపాన్ని చూపించి, తర్వాత వేసుకునే మందును కొట్టెయ్యకూడదు. మెదడు ఏర్పడేటప్పుడు కావాల్సినంత, ఏర్పడ్డాక కూడా కావాలనేముంది? జన్యువులను అణచే ఇంకో ప్రొటీన్ ఈజెడ్‌హెచ్2నే చూడు. విభజన జరిగే కణాల్లో ఎక్కువ, విభజన ఆగిన కణాల్లో బాగా తగ్గిపోతుంది. అక్కడ ఎక్కువగా కనిపించేది దాని జోడీ ప్రొటీన్ ఈజెడ్‌హెచ్1. ఇంకోటి, ఫీటల్ హిమోగ్లోబిన్‌ను అణిచే విజ్ అనే ప్రొటీన్‌ను విరగ్గొట్టే మందు గురించి 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. నోటి ద్వారా ఇచ్చేది. కోతులు తట్టుకున్నాయి, ఫీటల్ హిమోగ్లోబిన్ పెరిగింది.

కడప_బయోటెక్:
అన్నా, అవి ఆరోగ్యంగా ఉన్న కోతులు. మన పిల్లలు ఏళ్ళ తరబడి మింగాలి. పైగా 'ఫలానా అవయవంలో ఈ ప్రొటీన్ తక్కువే' అని చూపించే చార్టులు చాలావరకు ముక్క మొత్తాన్ని నూరి కొలిచినవి. మెదడు ముక్కలో న్యూరాన్లు ఉంటాయి, వాటి చుట్టూ గ్లియా కణాలు ఉంటాయి. న్యూరాన్ జన్యువులను అణచే రెస్ట్ అనే ప్రొటీన్ మామూలుగా న్యూరాన్లలో తక్కువ, న్యూరాన్లు కాని కణాల్లో ఎక్కువ. రెండూ కలిపి కొలిస్తే వచ్చే సగటు ఏ కణానికీ సరిపోదు. అందుకే ఒక్కో రకం కణాన్ని విడిగా చూడందే సేఫ్ అనకూడదని నేనంటాను.

ఆదోని_తల్లి:
ఒక్కటి అడుగుతా తమ్ముడూ. క్యాస్‌జెవీ ఎక్కించే ముందు పాత మూలకణాలను చంపడానికి బుసల్ఫాన్ అనే కీమో ఇస్తారట. దానివల్ల పిల్లలు పుట్టకపోవచ్చని కూడా చదివాను. అది ఒళ్ళంతా తగిలే మందు కాదా? ఒక్క మాత్రకేనా ఇన్ని భయాలు?

అనంత_ల్యాబ్:
అక్క సరిగ్గా పట్టుకుంది. ఆ కీమో దెబ్బను పక్కన పెట్టి మాత్రను మాత్రమే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. అయితే తమ్ముడి మాటనూ వదలను. ఇలాంటి మాత్ర ట్రయల్ ఇక్కడికి వస్తే, హిమోగ్లోబిన్‌తో పాటు బి కణాల లెక్క, యాంటీబాడీలు, పిల్లల చదువు, మాట కూడా ఏళ్ళపాటు చూస్తారా అని సంతకం పెట్టేముందే అడగాలి.